ఉప్పు దారిలో నేను వదిలేసిన అమ్మలు

మీ ఇంట్లో ముసలామె నోరు తెరిచినప్పుడు, ఆమె మాటల్లో ఏది చరిత్రో ఏది చాదస్తమో తేల్చే అధికారం మీకెవరిచ్చారు?

నాకెవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్లు జీతం తీసుకుంటూ వాడాను. ప్రభుత్వం నన్ను ఊళ్లమీదికి పంపింది వినడానికి. నేను విన్నది తక్కువ, తేల్చింది ఎక్కువ. దానివల్ల ఒక కుటుంబానికి ఏం నష్టం జరిగిందో పదవీ విరమణ చేసిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. చేతిలో మంచి ఫోన్లు, మంచి మైకులు. "ఎట్లా మొదలుపెట్టాలి సార్" అని అడుగుతారు. నా పదోన్నతుల గురించి, నేను పంపిన నివేదికల గురించి వాళ్లకు చెప్పి ఉపయోగం లేదు. ఒక తప్పు గురించి చెబితే ఉపయోగం ఉంటుందేమో. అందుకే రాస్తున్నాను.

కూర్చోవడమే ఉద్యోగం

నా పని జానపద సేకరణ. రాత లేని జనం నోట్లో ఉన్న కథలు, పాటలు, వంశాల ముచ్చట్లు టేపు మీదికి ఎక్కించి, ఆఫీసుకు తెచ్చి, మళ్లీ విని కాగితం మీద పెట్టడం. కర్నూలు, కడప జిల్లాలు నా పరిధి. ఒక జీపు, ఒక క్యాసెట్ల టేపురికార్డరు, డ్రైవరు మస్తాన్. ఇంతే మా బలగం.

ఈ పని పాటలు వింటూ తిరగడం అనుకుంటారు. ఇందులో ముప్పాతిక భాగం ఎదురుచూపు. శనగ చేని కోతకు పోయిన మనిషి వచ్చేదాకా గోడనీడలో కూర్చోవాలి. వచ్చిన మనిషి కాళ్లు కడుక్కోవాలి, ఇంత సంగటి తినాలి, ఆ తర్వాత మనతో మాట్లాడాలని ఆ మనిషికి అనిపించాలి. అనిపించకపోతే మరునాడు మళ్లీ రావాలి. అందుకు విసుక్కునేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది.

మొదటి రెండేళ్లు నేను ఊరి పెద్ద వసారాలో కూర్చుని మనుషుల్ని పిలిపించేవాణ్ణి. అక్కడ కరెంటు ఉంటుంది, కుర్చీ ఉంటుంది, మజ్జిగ వస్తుంది. పిలిచిన మనిషి మాత్రం మెట్ల కింద నిలబడి, ఊరి పెద్ద ముఖం చూస్తూ మాట్లాడేవాడు. అట్లా పట్టిన టేపులు ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. వాటిలో ప్రతి కులమూ ఆ ఊరి పెద్దగారి తాత దయవల్లే బతికి బట్టకట్టింది.

ఒకరోజు మస్తాన్ ఉండబట్టలేక అన్నాడు: "సార్, ఒకటి చెప్తా, తప్పనుకోవద్దండి. ఈడ కూర్చుంటే మీకు పెద్దాయన కతే నాలుగు గొంతుల్లో వస్తాది. మనమే గుడిసెల కాడికి పోదాం పాండి."

పోయాం. అప్పటినుంచి వసారాలు మానేశాను. మస్తాన్ మాట విన్నందుకు నాకు దక్కిన లాభం అది. వినని రోజు సంగతి తర్వాత చెబుతాను.

పెద్దసారు నియమం, నా సంబరం

మా ఆఫీసులో పెద్దసారు చదువుకున్నవాడు, నిజాయితీ ఉన్నవాడు. క్యాసెట్లు దొరకడం కష్టంగా ఉన్న కాలం. మనిషికి ఒక క్యాసెట్ అని ఆయన నియమం పెట్టాడు. దాంతోపాటు ఇంకో మాట అనేవాడు: "విషయం పట్టుకురావయ్యా. మొక్కులూ దండకాలూ మోసుకురావద్దు. వాటికోసం గుళ్లున్నాయి."

ఆయన్ని తప్పుపట్టి నేను తప్పుకోవడం సులువు. కానీ ఆ మాట విని నాకు సంబరమైంది. నేను చదువుకునే రోజులనుంచీ హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. విభూతి గాల్లోంచి తీసే స్వాముల గుట్టు వేదికలమీద విప్పి చూపించాం. జాతకాలు, తాయెత్తులు, సోదె, గద్దె, దేన్నీ వదల్లేదు. సోదె చెప్పే ఆడవాళ్లను ఊళ్లలోకి రానివ్వకండని నేనే మైకులో చెప్పిన ఊళ్లున్నాయి. ఆ వేదికలమీద మాట్లాడిన చాలా మాటలు ఇప్పటికీ నిలబెడతాను. సోదె చెప్పేవాళ్లకు రేపటి సంగతి తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

కానీ ఆ కత్తి పట్టుకునే నేను టేపురికార్డరు ముందు కూర్చున్నాను. మన పల్లెల్లో నోటితో కథ చెప్పే ఎవరైనా ముందు దేవుళ్లను తలుచుకునే మొదలుపెడతారు. వాళ్లు తలుచుకుంటున్నంతసేపూ నేను మీట నొక్కి టేపు ఆపేసేవాణ్ణి. అసలు కథ మొదలయ్యాక మళ్లీ నొక్కేవాణ్ణి. నా క్యాసెట్లు శుభ్రంగా ఉంటాయని ఆఫీసులో పేరొచ్చింది. కొత్తవాళ్లకు నా క్యాసెట్లు వినిపించి, ఇట్లా చేయాలి అని చెప్పేవారు. నేనూ ఛాతీ విరుచుకునేవాణ్ణి.

సుంకులమ్మ

కోయిలకుంట్ల శివారులో అప్పట్లో ఎరుకలవాళ్ల గుడిసెలు పది దాకా ఉండేవి. బుట్టలల్లడం, పందుల్ని మేపడం వాళ్ల బతుకు. ఇంట్లో మాట్లాడుకునేది కుర్రు అనే వాళ్ల సొంత భాష. అది తమిళానికి దగ్గరగా ఉంటుంది, దానికి రాత లేదు. బయటివాళ్లు వినేచోట వాళ్లు ఆ భాష మాట్లాడేవాళ్లు కాదు. తెల్లదొరలు ఆ జాతి మొత్తాన్ని దొంగలని కాగితం మీద రాసిపెట్టారు. దొరలు పోయారు, ఆ చట్టమూ పోయింది, ఊళ్లలో ఆ చూపు మాత్రం మిగిలింది.

అక్కడ సుంకులమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి. వయసులో ఊరూరా తిరిగి సోదె చెప్పింది, తర్వాత ఇంటిపట్టున ఉండి ఈతబద్దలతో బుట్టలల్లేది. పాత సంగతులు తెలిసిన మనిషని విని వెళ్లాం. బుట్టమీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పెట్టె ఏంది సామీ?"

"మాటలు పడతాదమ్మా. మీ పెద్దోళ్ల ముచ్చట్లు చెబితే ఇందులో దాచిపెడతాం."

"దాచి ఎవురికిస్తారు? టేసన్లో ఇస్తారా? నిన్ననే టేసన్నించి ఒకాయన వచ్చి మా అల్లుడి పేరు రాసుకొని పాయ. యాడో గొర్రె పోయిందంట. గొర్రె యాడ పోయినా మా అల్లుడి పేరే రాసుకుంటారు. ఇంగ నువ్వొచ్చి మా తాతల పేర్లు చెప్పమంటాండావు."

మస్తాన్ అందుకున్నాడు: "అమ్మా, ఈ సారు దొంగల్ని పట్టేటోడైతే ముందు నన్నే పట్టుకోవల్ల. జీపులో డీజిలు పోసేది నేనే."

ఆమె నవ్వింది. "అయితే నువ్వు మావోడివే, కూర్చో" అని అతనికి ముందు నీళ్లిచ్చింది, తర్వాత నాకు.

మూడు రోజులు పోయాం. మూడో రోజు ఉప్పు సంగతి మొదలుపెట్టింది. రైళ్లు రాకముందు ఆమె పుట్టింటివాళ్లు సముద్రం పక్క ఉప్పుమళ్లనుంచి గాడిదలమీద ఉప్పు వేసుకుని, వెలికొండలు దాటి, రాజంపేట మీదుగా వచ్చి, పెన్న దాటి, కోయిలకుంట్ల దాకా, అక్కడినుంచి కర్నూలు దాకా నడిచేవాళ్లట. ఉప్పు ఇచ్చి జొన్నలు తీసుకునేవాళ్లు.

"ఉప్పు రైలెక్కినాంక మా గాడిదల్ని అడిగేటోడు లేకపాయ" అంది. "బేరం ఉన్నన్నాళ్లూ తిరిగేటోడు సెట్టి. బేరం పాయ, తిరిగేటోడు దొంగ ఆయ."

ఇంత మాట పుస్తకాల్లో దొరకదు. నాకు ఒళ్లు పులకరించింది. టేపు తిరుగుతూనే ఉంది. అప్పుడామె బుట్ట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంది.

"ఇంగ దారి చెప్తా. ఇది మా పుట్టింటోళ్లదే, అందరికీ రాదు. సోదెలో ముందు ఇదే చెప్పేది. ఇనేటోళ్లకి ఇది పట్టదు. పెండ్లెప్పుడు చెప్పు, గొడ్డు యాడ పోయిందో చెప్పు అని తొందర చేస్తారు. నువ్వన్నా ఇను."

ఆమె తన భాషలో అందుకుంది. ఊపిరికొక చోటు, ఆ చోటుకొక పేరు. ప్రతి పేరు చివరా అమ్మ. రెండు పేర్లు విన్నాను. ఇది దేవతల జాబితా, సోదె చెప్పేముందు జనాన్ని భయపెట్టడానికి చదివేది అని తేల్చేశాను. మీట నొక్కాను.

మీట నొక్కితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఆమె చెబుతూనే ఉంది. నేను సీసాలో నీళ్లు తాగాను. క్యాసెట్ మీద చీటీ అంటించాను. వేళ్లు ముడుస్తూ ఎన్ని పేర్లో మాత్రం లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకున్నాను: "ప్రార్థన. పదిహేడు పేర్లు. అవసరం లేదు." ఆ రాత నా చేతిరాతే. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందే ఉంది.

ముగించి ఆమె అడిగింది: "అంతా పడిందా సామీ?"

"పడిందమ్మా" అన్నాను.

అబద్ధమాడాను. వద్దని చెప్పి ఆమెతో వాదన పెట్టుకోవడం ఎందుకని ఆడాను. మిగిలిన ఉప్పు ముచ్చట్లు చెప్పడం ఆపేస్తుందేమోనని కూడా ఆడాను. ఈ ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాల్లో అన్నిటికంటే తేలిగ్గా నోటికి వచ్చింది అదే.

తిరుగుదారిలో మస్తాన్ అన్నాడు: "ఆమె భాష నాకు రాదు సార్. కానీ అది చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తిరా? మా నాయన గోరీ కాడ ఫాతెహా చదివేటప్పుడు మా అమ్మ ముఖం అట్లే ఉంటాది."

"రెండూ ఒకటేలే మస్తాన్. అందుకే ఆపినా" అన్నాను.

అతను తల తిప్పుకుని, నంద్యాల దాకా దారి మీదే కళ్లు పెట్టి జీపు నడిపాడు. నేను గెలిచాననుకున్నాను.

మా ఇంటికి వచ్చిన ఇద్దరు

ముప్పై ఏళ్లు గడిచాయి. పోయిన వానాకాలంలో ఒక పొద్దున కర్నూలులో మా ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. చిన్నామె రేణుక, కల్లూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. పెద్దామె ఓబులమ్మ, రేణుక తల్లి, సుంకులమ్మ కూతురు. అరవై అయిదేళ్లుంటాయి. షేరాటో దిగి మా గేటు దాకా నడిచినందుకే ఆయాసపడుతోంది. మెట్టు మీద కూర్చుని నన్ను పైకీ కిందికీ చూసింది.

"మా అమ్మ గొంతు పట్టుకుపోయినోడివి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ముసలోడివి అయిపోయినావే. అమ్మ చెప్పేది, కోడిపుంజు మాదిరి ఉండె అని."

రేణుక "ఊరుకో మా" అని, వచ్చిన పని చెప్పింది. వాళ్ల కాలనీ పిల్లలకు కుర్రు రావడం లేదు. వచ్చినవాళ్లు బడిలో ఎగతాళికి భయపడి రాదంటున్నారు. సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆమె నేర్పిస్తోంది. నేర్పడానికి పాటలు, కథలు కావాలి. అంతకంటే ముఖ్యంగా అమ్మమ్మ చెప్పే దారి కావాలి.

"అమ్మకి తొమ్మిది దాకా వస్తాది సార్. ఆ తర్వాతది రాదు. పాత ఆఫీసులో అడిగితే మీ పేరు చెప్పినారు."

క్యాసెట్లన్నీ ఆఫీసువాళ్లు కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఒక నకలు నేనూ తెచ్చుకున్నాను. పెట్టాను. సుంకులమ్మ గొంతు గదిలోకి వచ్చింది. ఉప్పుమళ్లు, గాడిదలు, రైలు. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంగ దారి చెప్తా" అనగానే కొంగు తీసేసి, తల్లితోపాటు పెదవులు కదపడం మొదలుపెట్టింది. ఒక పేరు. రెండో పేరు. టక్కుమని శబ్దం. వెంటనే సుంకులమ్మ గొంతు ఉప్పు కొలతల గురించి మాట్లాడుతోంది.

ఓబులమ్మ పెదవులు మాత్రం మూడో పేరు దాకా పోయి ఆగాయి.

"నడుమ పోయింది రేణుకా. మల్ల పెట్టమను."

మళ్లీ పెట్టాను. అదే శబ్దం. మూడోసారి పెట్టాను.

"మా అమ్మ ఆపదు సార్. మొదలుపెడితే పొయ్యి మీద ఎసురు పొంగినా ఆపదు."

"ఆమె ఆపలేదమ్మా. నేను ఆపినాను. దేవతల పేర్లు కదా అని."

ఓబులమ్మకు కోపం రాలేదు. అర్థం కాలేదు. "దేవతలని ఎవురు చెప్పినారు నీకు?"

పదిహేడు మంది

వాళ్లు దేవతలు కారు. మనుషులు. సుంకులమ్మ తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి, వాళ్ల తోడబుట్టినవాళ్లు. ఉప్పు దారిలో ఎక్కడ ఏ మజిలీలో ఏ ఆడమనిషి చనిపోయి మట్టిలో కలిసిందో, వరసగా, సముద్రంనుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ రావడమే దారి.

తనకు వచ్చిన తొమ్మిదీ ఓబులమ్మ మా హాల్లో కూర్చుని తెలుగులో విడమరిచి చెప్పింది. ఉప్పుమడి కాడ ముత్తమ్మ, పాము కరిచి. కనుమ మీద కామమ్మ, కాన్పులో. ఆ రోజు గాడిదలు రెండు పూటలు కదల్లేదట. రాజంపేటకు ఇవతల వంకలో లచ్చమ్మ, జ్వరంతో. గుంత తవ్వడానికి ఒక రైతు పార ఇచ్చాడు, ఆ రైతు పేరు కూడా వరసలో ఉంది. ఆ తర్వాతి మజిలీ గురించి ఒక ముక్క ఉంది: "ఆడ నీళ్లు తీపి, మనుషులు చేదు." పెన్న ఒడ్డున గంగమ్మ, ఏరు దాటుతూ. తొమ్మిది.

"పెన్న దాటినాంక నాకు తెలీదు" అంది.

తల్లి వెంట బుట్ట ఎత్తుకుని తిరిగిన రోజుల్లో ఆమె తొమ్మిది నేర్చుకుంది. ఇరవై ఏళ్ల వయసులో ఒక ఊళ్లో చదువుకున్నవాళ్లు సభ పెట్టి, సోదె మోసమని చెప్పి, వాళ్లను ఊరి బయటికి పంపేశారట. బుట్ట ఒకటి ఎవరో తన్నారట. ఆ సిగ్గుతో ఆమె మానేసింది. ఏ ఊరో ఆమెకు గుర్తులేదు. నేను మాట్లాడిన ఊళ్లన్నీ నాకూ గుర్తులేవు. అది నా సభ కాదని చెప్పగలిగితే బాగుండును.

"తర్వాత నేర్చుకోవచ్చు గదమ్మా, మీ అమ్మ ఉన్నప్పుడే" అన్నాను. నా నేరంలో ఆమెకూ కాస్త వాటా పెట్టాలని చూశానని ఇప్పుడనిపిస్తోంది.

"నువ్వు వచ్చి పోయినాంక అమ్మ నాకు నేర్పేది ఇడిసిపెట్టె. నువ్వు నేర్చుకోకున్నా ఏం లేదులే ఓబులా, సారు పెట్టెలో అంతా పడింది, అది యాడికీ పోదు అనె. నేనూ నమ్మితి."

ఆ మాట అన్నాక ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"తల్లి పోయినాంక ఆ పేరు వరస చివర్న పెట్టేది కూతురి పని. అమ్మ పోయి ఇరవై ఏండ్లాయ. నేనింగా పెట్టలే. నడుమ ఎనిమిది మంది లేకుండా అమ్మని యాడ నిలబెట్టల్ల సార్?"

"తెలిసినవి చెప్పి, తెలియనిచోట ఖాళీ ఉంచి, చివర మీ అమ్మ పేరు చెప్పొచ్చు కదా."

"దాటుకొని పోతే వాళ్లు ఎంబడి రారు" అంది.

నేను వాదించలేదు. చచ్చినవాళ్లు వెంట రారని నాకు తెలుసు. ఆమె అడిగింది అది కాదనీ తెలుసు.

రేణుక వెళ్లేముందు అడిగింది: "సార్, మూఢనమ్మకాలమీద మీరు రాసినవి నేను చదివినా. మా పిల్లోళ్లకి చదివి చెప్పినా గూడ. ఒకటే అడుగుతా. అడక్కుండానే అది మూఢనమ్మకమని మీకెట్ల తెలిసింది?"

ఎన్నో వేదికలమీద ఎదుటివాళ్లను ఇరుకున పెట్టిన ప్రశ్న అది. ఆధారం ఏది, విచారించావా, అడిగావా. ఆ రోజు అది నావైపు తిరిగింది.

నాలాంటివాళ్లకు

నేను హేతువాదం వదల్లేదు. వదలను. నేను చేసింది హేతువాదం కాదని మాత్రం చెబుతాను. ముందు పరీక్షించి తర్వాత తీర్పు చెప్పడం హేతువాదం. ముందే తీర్పు చెప్పి పరీక్షను మానేయడం పూజారితనం. గుడిలో పూజారి ఇది మడి, ఇది మైల అని తోసేస్తాడు. నేను ఇది చరిత్ర, ఇది భజన అని తోసేశాను. నా చేతిలో గంట లేదు, టేపురికార్డరు ఉంది, అంతే తేడా.

ఈ దేశంలో వంశావళులకు కొదవలేదు. రాళ్లమీద, రాగిరేకులమీద అంతా తండ్రులూ కొడుకులే. తల్లి తర్వాత కూతురు, కూతురి తర్వాత ఆమె కూతురు, ఏ చోట ఏ కారణంతో కన్నుమూశారో చెప్పే వరస నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్కచోటే తగిలింది. పనీపాటా చేసుకునే ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోని సమాజమని ఎన్ని వ్యాసాలు రాశానో నేను. అదే ఆడవాళ్ల లెక్క నా ఎదుట కూర్చుని వినిపిస్తుంటే నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఇంకొక మాట. ఆ వరస అన్నేళ్లు బతికింది సోదె బతికి ఉన్నందువల్లే. రోజూ పది వాకిళ్లలో చెప్పాలి కాబట్టి మరిచిపోయే వీల్లేదు. మేం సోదెను తరిమేశాం. తరమవలసిందే అని ఇప్పటికీ అంటాను. కానీ అది మోస్తున్న బుట్టలో ఇంకేముందో చూడకుండా తరిమేశాం. చూసి, ఉంచవలసింది తీసి పక్కన పెట్టే ఓపిక మాలో ఒక్కరికీ లేకపోయింది. ఉద్యమాలు చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక అలవాటును కూల్చేముందు దాని కింద ఎవరైనా ఉన్నారేమో చూడండి.

అబద్ధం గురించి చెప్పేదేముంది. నేను ఆపేశానని ఆ రోజే సుంకులమ్మకు చెప్పి ఉంటే, ఆమె నన్ను తిట్టి కూతురికి నేర్పి ఉండేది. టేపులో లేకపోవడం చిన్న నష్టం. ఉందని నమ్మించడంవల్ల ఒక నోటినుంచి ఇంకో నోటికి పోయే మాట ఆగిపోయింది. ఈరోజు ఫోనులో పట్టాం కదా అని ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టడం మానేస్తున్న ప్రతివాడూ నా పనే చేస్తున్నాడు.

ఇప్పుడు జరుగుతున్నది

ఆ రోజునుంచి నేనూ రేణుకా ఆదివారాలు తిరుగుతున్నాం. మస్తాన్ లేడు, నాలుగేళ్ల కిందట పోయాడు. బస్సుల్లోనే తిరుగుతున్నాం. రాజంపేట దగ్గర వాళ్ల పుట్టింటి చుట్టాల్లో ఒక ముసలామె దొరికింది. మూడు మజిలీల గురించి ఓబులమ్మకు తెలియని సంగతులు చెప్పింది, కానీ పెన్న దాటలేదు. వాళ్లు అక్కడే స్థిరపడినవాళ్లు, అక్కడిదాకానే గుర్తు. కోయిలకుంట్లలో గుడిసెలు ఇప్పుడు లేవు. చెదిరిపోయినవాళ్లలో బుట్టలమ్ముకునే ఒకాయన కనిపించాడు. వాళ్లమ్మ నోట విన్నానని ఒక మజిలీ చెప్పాడు: రాతి తొట్టి కాడ నర్సమ్మ. అది పదకొండోదని ఓబులమ్మ పట్టుకుంది. తొట్టి అనగానే, గంగమ్మ తర్వాత ఇంకో పేరు దాటాక తల్లి చెయ్యి ఊపే తీరు ఆమెకు గుర్తొచ్చిందట.

ఎనిమిదిలో ఒకటి. ఇంకా ఏడు.

పోయిన నెలలో ఓబులమ్మ పదిరోజులు ఆస్పత్రిలో ఉంది. చూడ్డానికి పోయాను. ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. నన్ను చూడగానే గొట్టం కాస్త పక్కకు జరిపి, "దొరికిందా ఇంగొకటి?" అంది. లేదన్నాను. "దొరకతాదిలే. నాకు తొందర లేదు" అంది. తొందర ఉందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. రేణుక మంచం పక్కన కూర్చుని తొమ్మిదీ, పదకొండోదీ తల్లికి అప్పజెబుతోంది. పదోచోట ఇద్దరూ ఆగుతున్నారు.

ఆ ఏడు మజిలీలూ పెన్నకు ఇవతల ఉన్నాయి. అంటే ఈ మాటలు చదువుతున్న మీలో చాలామంది పుట్టిన నేలమీద, మీరు రోజూ బండి తోలుకుపోయే దారిలో ఉన్నాయి. జమ్మలమడుగు, కోయిలకుంట్ల, నంద్యాల, కర్నూలు చుట్టుపక్కల బుట్టలల్లే వాడల్లో, సంత అంచుల్లో, ఒకప్పుడు సోదె చెప్పిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరికి ఈ దారిలో ఒక ముక్క తెలిసి ఉండవచ్చు. ఇంకెవరి దారో తెలిసి ఉండవచ్చు, అదీ అంతే విలువైనది.

ఈ ఆదివారం ఆ వాడకు వెళ్లండి. బుట్ట కొనుక్కుని వచ్చేయకండి, కూర్చోండి. ఆమె ఏది ముందు చెబితే అది వినండి. దేవుడి పేరు చెప్పినా, కల చెప్పినా, శాపం పెట్టినా మధ్యలో ఆపకండి. అర్థం కాకపోతే ఎవరమ్మా వీళ్లు అని అడగండి. ఆమె ముగించాక, ఆమె మనవరాలిని పిలిచి పక్కన కూర్చోబెట్టి, మళ్లీ చెప్పమనండి. పెన్న దాటిన తర్వాత ఒక చోటు పేరు, ఒక అమ్మ పేరు దొరికితే, ఆ మనవరాలినే వెంటబెట్టుకుని కల్లూరు వచ్చి ఓబులమ్మ చెవిలో చెప్పించండి.

ఆమె తన తల్లి పేరు ఇంకా చెప్పలేదు. బయలుదేరండి.